ఎండకి కౌలు

కార్తీక అమావాస్య నాటి సాయంత్రం పద్మనాభం కొండని చూసినవారు ఆ దృశ్యాన్ని అంత సులువుగా మరిచిపోలేరు. కొండ మీద అనంత పద్మనాభస్వామి, కొండ కింద కుంతీమాధవస్వామి, నడుమ వెయ్యికి పైబడిన మెట్లు. ఆ సాయంత్రం మెట్టు మెట్టుకీ దీపం పెడతారు. చీకటి చిక్కబడేసరికి కొండ ఆకారం కనుమరుగైపోయి, మెట్ల దారి ఒక్కటే నిప్పుగీతలా పైకి పోతూ కనిపిస్తుంది. చిన్నతనంలో మా నాయనమ్మ నా చేతికి ఒక ప్రమిద ఇచ్చి, "ఎవుల నూనె ఆళ్ళే తెచ్చుకోవాల. పక్కోడి దీపం కొండెక్కితే మాత్రం నీ నూనె పొయ్యాల" అనేది. ఇది ఏ పురాణంలోనూ ఉండదు, ఆవిడ సొంత నియమమే అనుకుంటాను.

కిందటి కార్తీకంలో దీపోత్సవానికి వెళ్ళినప్పుడు నా చొక్కా జేబులో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి ఉంది. దాని గురించి రాద్దామని ఆర్నెల్లుగా అనుకోవడం, వాయిదా వెయ్యడం. మధ్యలో రెండుసార్లు మొదలుపెట్టి చెరిపేశాను కూడా. రాస్తే నా గురించి నేనే రాసుకోవాల్సి వస్తుంది, అదీ ఇబ్బంది.

పద్మనాభం మండలంలో, గోస్తనీ నదికి కాస్త ఎగువన, మాకు నాలుగెకరాల మెట్ట ఉంది. నాన్నగారు పోయాక పట్టా నా పేరున మారింది. నేనుండేది విశాఖపట్నంలో, మూడో అంతస్తులో. ఆ నేలని ఇరవై ఏళ్ళ పైచిలుకుగా సాగు చేస్తున్నది మా ఊరాయన. చుట్టరికం లేదు గానీ చిన్నప్పటి నుంచీ "బావా" అంటే "బావా" అనుకుంటాం. మా ఇద్దరి మధ్య కౌలు పత్రం లేదు. ఏటా సంక్రాంతికి వచ్చి పంట బాగుంటే ఇంత, బాగోకపోతే ఇంత అని చేతిలో పెడతాడు, నేను లెక్కపెట్టను. ఈ లెక్కపెట్టకపోవడాన్ని నా మంచితనంగా చాలాకాలం చెప్పుకున్నాను.

ఒకప్పుడు ఆ మెట్టలో గోగు వేసేవారు. కోసిన గోగుకట్టల్ని గోస్తనిలోనూ చెరువుల్లోనూ నానవేసి నార తీసి చిట్టివలస జూట్ మిల్లుకి తోలేవారు. ఆ కుళ్ళు వాసన ఊరంతా ఆవరించి ఉండేది, మాకది డబ్బు వాసన. మిల్లు 2009లో మూతపడింది. గోగు పోయి నువ్వులు, చోళ్ళు, అప్పుడప్పుడు వేరుశనగ మిగిలాయి. పంట లేని నెలల్లో బావ గొర్రెలు అందులోనే తిరుగుతాయి. గట్టు మీద ఆరు తాటిచెట్లు. అంతే, అంతకన్నా చెప్పుకోదగ్గ ఆస్తి కాదది.

ఆ నాలుగెకరాల్నీ, దాన్ని ఆనుకున్న మరికొందరి భూముల్నీ కలిపి సౌర విద్యుత్ ఫలకాలు పెట్టుకుంటామని ఒక కంపెనీ తరఫు మనిషి నా ఇంటికి వచ్చాడు. చాలా మర్యాదస్థుడు. చెప్పులు బయట విడిచి, మంచినీళ్ళు అడిగి తాగి, సంచీలోంచి ఒప్పందం నమూనా తీసి బల్ల మీద పరిచాడు. ముప్పై ఏళ్ళ కౌలు. ఎకరానికి ఏటా ఇంత అని అతను చెప్పిన అంకె బావ సంక్రాంతికి చేతిలో పెట్టే మొత్తానికి అయిదారు రెట్లు. "మీరేం చెయ్యక్కర్లేదు సార్. వాన కోసం చూడక్కర్లేదు, కూలీల కోసం తిరగక్కర్లేదు. ఎండ దాని పని అది చేసుకుపోతుంది" అన్నాడు. నాకు నచ్చిందా మాట. అబద్ధం ఎందుకు చెప్పాలి, అంకె కూడా నచ్చింది. పైగా బొగ్గు కాదు, పొగ రాదు, ప్రపంచానికి మంచిది. లాభమూ పుణ్యమూ ఒకే సంతకంతో వస్తుంటే కాదనడం ఎవరి తరం?

ఆ కాగితమే జేబులో పెట్టుకుని ఊరికి వెళ్ళాను. ముందు బావతో చెప్పి, ఆ తర్వాతే సంతకం పెడదామని.

చెప్పాను. బావ చాలాసేపు ఏమీ అనలేదు. చుట్ట వెలిగించుకున్నాడు. "ముప్పయ్యేళ్ళు" అని ఒకసారి తనలో తను అనుకున్నాడు. తర్వాత, "నీ భూమి బావా, నాదేటుంది అందులో" అన్నాడు. అందులో కోపం లేదు, అదే ఇబ్బంది. లోపల చేటతో చోళ్ళు చెరుగుతున్న ఆయన భార్య (నేను అక్కా అని పిలుస్తాను) మాత్రం చెరగడం ఆపింది.

"ఆ కరంటు మన ఊరికిస్తారేటి తమ్ముడూ?"

"లేదక్కా. గ్రిడ్‌లోకి వెళ్తుంది."

"గ్రిడ్డంటే ఏ ఊరు?"

నవ్వాను. నవ్వి, సమాధానం చెప్పబోయి, ఆగిపోయాను. గ్రిడ్ అంటే ఏ ఊరు? ఆర్నెల్లుగా నేను చదివినదంతా, తిరిగినదంతా ఆ ప్రశ్నకి జవాబు కోసమే.

మా ఉత్తరాంధ్రకి ఆ ప్రశ్న కొత్తదేమీ కాదు. విశాఖకి చెప్పుకోదగ్గ జలవిద్యుత్తు మాచ్‌ఖండ్ నుంచి 1955లో వచ్చింది. అక్కడ జలాపుట్ జలాశయం కింద ఏజెన్సీ పల్లెలు మునిగాయి, ఇక్కడ దీపాలు వెలిగాయి. ఆ తర్వాత సీలేరు, బలిమెల. బలిమెల నీటి వెనక అవతలి ఒడ్డున తెగిపోయి, "కటాఫ్ ఏరియా" అన్న పేరే ఊరి పేరుగా మిగిలిపోయిన 150 పైచిలుకు పల్లెలకి గురుప్రియ వంతెన వచ్చింది 2018లో. ఆ నీటితో తయారైన కరెంటు దశాబ్దాల ముందే మైదానానికి చేరింది. తర్వాత బొగ్గు వంతు. పరవాడ దగ్గర 2000 మెగావాట్ల సింహాద్రి కేంద్రం వెలుగు మనదైతే, దాని బూడిద చెరువు పక్కనున్న పల్లెలది. సోంపేటలో బీల భూముల్ని బొగ్గు కేంద్రానికి ఇవ్వమన్నందుకు 2010 జులై 14న, కాకరాపల్లిలో 2011 ఫిబ్రవరి 28న, పోలీసు కాల్పుల్లో చెరో చోట ఇద్దరేసి మనుషులు పోయారు.

ఆ పోరాటాల నాడు న్యాయం ఎటువైపుందో చెప్పడం నాకు తేలికగానే ఉండేది. బొగ్గు నల్లగా ఉంటుంది, పొగ కంటికి కనిపిస్తుంది. ఎండ మీద ఎవరికి కోపం వస్తుంది చెప్పండి?

ఇక్కడ హుద్‌హుద్ సంగతి చెప్పాలి. 2014 అక్టోబరు 12, ఆదివారం. తుపాను విశాఖ మీదుగా తీరం దాటింది. మా అపార్టుమెంటు కిటికీలు రెండు ఊడిపోయాయి, వీధిలోని వేపచెట్లన్నీ పడిపోయాయి. మా వీధికి ఆరో రోజున కరెంటు వచ్చింది. అందరం బాల్కనీల్లోకి వచ్చి చప్పట్లు కొట్టాం. ఆ రాత్రే ఊరికి ఫోను చేస్తే కలవలేదు. రెండు రోజుల తర్వాత బస్సెక్కి వెళ్ళాను. దారి పొడుగునా స్తంభాలు వరి పనలు పరిచినట్టు ఒకే దిక్కుకి పడి ఉన్నాయి. ఊళ్ళో మంచినీటి ట్యాంకుకి మోటారు తిరగక, అక్కా వాళ్ళూ గోస్తనిలో చెలమలు తీసుకుని నీళ్ళు మోస్తున్నారు. ఇళ్ళకి మరో రెండు వారాలకి వచ్చింది, మెట్ట మోటార్లకి నెల దాటింది. సిబ్బంది పగలూ రాత్రీ పని చేశారు, నేను కళ్ళారా చూశాను, వారిని తప్పుపట్టను. కానీ ఏది ముందు, ఏది తర్వాత అన్న వరస ఎక్కడో రాసిపెట్టి ఉంటుంది కదా. ఆ వరసలో మా వీధి పైన ఉంది, మా ఊరు కింద ఉంది. ఆ వరస రాసినవారెవరూ మా ఊరిని అడగలేదు. నిజానికి మా వీధినీ అడగలేదు. చప్పట్లు కొట్టేవాణ్ణి ఎవరూ అడగనక్కర్లేదు.

ఆ ఏడాది నవంబరులో కార్తీక అమావాస్యకి కొండ మెట్ల మీద దీపాలు ఎప్పటిలాగే పెట్టారు.

మళ్ళీ కాగితం దగ్గరకొస్తాను. బొగ్గు కేంద్రం పెట్టాలంటే పర్యావరణ అనుమతి కావాలి, దానికి 2006 నాటి నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. షామియానా వేస్తారు, కలెక్టరుగారో వారి ప్రతినిధో వస్తారు, జనం అరుస్తారు, అరిచినది కాగితం మీద ఎక్కుతుంది. చాలాసార్లు అది తంతే అయినా, తంతు అయినా ఉంది. సౌర, పవన విద్యుత్తులకి ఆ నోటిఫికేషన్ వర్తించదు. పొగ లేదు కనుక ప్రశ్నా లేదన్నమాట. ఇక భూమి. 2013 భూసేకరణ చట్టం కింద ప్రైవేటు కంపెనీ కోసం సేకరిస్తే ప్రభావిత కుటుంబాల్లో భూమి ఉన్నవారిలో 80 శాతం మంది అంగీకరించాలి. ఆ చట్టం "ప్రభావిత కుటుంబం" అన్నప్పుడు పట్టాదారుని మాత్రమే లెక్కించదు. మూడేళ్ళుగా ఆ నేల మీద బతుకుతున్న కౌలుదారు, వ్యవసాయ కూలీ కూడా అందులోకి వస్తారు. అంటే బావ వస్తాడు. కానీ నేను స్వచ్ఛందంగా కౌలుకిస్తే అది సేకరణ కాదు. పట్టాదారుకీ కంపెనీకీ మధ్య సొంత వ్యవహారం. నా సంతకంతో బావ ఆ నిర్వచనంలోంచి బయటికి వెళ్ళిపోతాడు.

ఇంకో సంగతి, దీన్ని రాయడానికే ఆర్నెల్లు పట్టింది. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. పట్టాదారు సంతకం పెడితే కౌలు రైతుకి పదకొండు నెలల ఒప్పందంతో కార్డు వస్తుంది, దాంతో పంట రుణం, బీమా, నష్టపరిహారం దక్కే వీలుంటుంది. ఆ కాలంలోనే బావ ఆ కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. పట్టాకి ఏమైనా అవుతుందేమోనని ఇంట్లో అన్నారు. కాదని చట్టమే చెబుతోందని నాకు తెలుసు. అయినా, "వచ్చే నెల చూద్దాం బావా" అన్నాను. మరుసటి సంక్రాంతికీ అదే మాట. తర్వాత ఆయన అడగడం మానేశాడు. పదకొండు నెలలకి బావతో సంతకానికి వణికిన చెయ్యి, ముప్పై ఏళ్ళకి కంపెనీతో సంతకానికి వెంటనే కలం వెతుక్కుంది.

కొండల వైపు వెళ్దాం. మా గోస్తని పుట్టేది అనంతగిరి కొండల్లో, బొర్రా గుహల దగ్గర. తాటిపూడి జలాశయంలో ఆగి, విశాఖకి తాగునీరిచ్చి, పద్మనాభం, పాండ్రంగి మీదుగా భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. పాండ్రంగి అల్లూరి సీతారామరాజు పుట్టిన ఊరు, అదీ మా మండలమే. ఏరు కొండ మీంచి మా ఊరికి దిగుతుంది, ఆయన మా ఊళ్ళ నుంచి కొండకి ఎక్కాడు. (2022లో ఆ మన్యం జిల్లాకి ఆయన పేరే పెట్టారు.)

ఆ అనంతగిరి మండలంలోనే నిమ్మలపాడు ఉంది. అక్కడి గనుల లీజుల మీద సమత అనే సంస్థ న్యాయస్థానాలకు వెళ్ళగా, 1997 జులై 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పునే దేశమంతా సమత తీర్పు అంటారు. షెడ్యూల్డ్ ప్రాంతంలోని భూమిని గిరిజనేతరులకీ ప్రైవేటు కంపెనీలకీ గనుల కోసం లీజుకివ్వకూడదని, ప్రభుత్వం కూడా ఆ నిషేధానికి అతీతం కాదని దాని సారాంశం. గనుల లాభంలో కనీసం 20 శాతం అక్కడి జనం అవసరాలకి శాశ్వత నిధిగా పక్కన పెట్టాలన్న మాట కూడా అందులో ఉంది. ఆ అంకె గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇప్పుడు ఆ కొండలకి గనుల బదులు సూర్యుడి తరఫున కబురు వచ్చింది. పగలు ఎండ కాసినప్పుడు సౌర విద్యుత్తు ఎక్కువగా తయారవుతుంది, మనకి కరెంటు ఎక్కువగా కావలసినది సాయంత్రం దీపాల వేళ. ఈ రెంటికీ పొత్తు కుదర్చాలంటే కరెంటుని ఎక్కడో దాచాలి. దాచే పద్ధతుల్లో ఒకటి, కొండ మీద ఒక జలాశయం, కింద ఒక జలాశయం కట్టడం. పగలు మిగులు కరెంటుతో నీటిని పైకి తోడతారు, సాయంత్రం కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారు. తోడడానికి ఖర్చయినదానిలో నాలుగింట మూడు వంతులకి కాస్త పైగా తిరిగొస్తుంది. లెక్కకి ఎంతో ముచ్చటైన ఏర్పాటు. దానికి కావలసినదల్లా ఎత్తైన కొండ, దాని పక్కన లోయ, వాటిలో నీరు. మన దగ్గర అవి ఎక్కడున్నాయి? గిరిజనులు ఉన్నచోట. 2022 డిసెంబరులో రాష్ట్ర పెట్టుబడుల ప్రోత్సాహక మండలి అదానీ గ్రీన్ ఎనర్జీకి పెదకోట దగ్గర 1000, రైవాడ దగ్గర 600 మెగావాట్ల కేంద్రాలకు ఆమోదం తెలిపింది. అదే ఏడాది అంతకుముందు పార్వతీపురం మన్యం జిల్లాలో కురుకుట్టికి, కర్రివలసకి అనుమతి. గిరిజన సంఘాలు వ్యతిరేకించాయి. 1996 నాటి పెసా చట్టం, 2006 నాటి అటవీ హక్కుల చట్టం ప్రకారం మా గ్రామసభని ముందు అడగాలి కదా అన్నది వారి వాదం. అందులో నాకు విప్లవమేమీ కనబడలేదు. మా అక్క అడిగిన దానికన్నా పెద్ద ప్రశ్న కాదది.

మైదానంలో మనకి పెసా లేదు. ఉన్నది గ్రామసభ. మా ఊళ్ళో జరిగింది కూడా, నేను వెళ్ళాను. అజెండాలో వీధి దీపాలు, కాలువ పూడిక, పింఛన్లు. సౌర కేంద్రం సంగతి ఒకాయన ఎత్తితే, "అది రైతులకీ కంపెనీకీ మధ్య విషయం, పంచాయతీకేం సంబంధం" అన్న జవాబొచ్చింది. చట్ట ప్రకారం ఆ మాట సరైనదే. గొర్రెలు మేసే దారి ఏమవుతుంది, వానాకాలంలో ఆ మెట్ట మీంచి చెరువులోకి దిగే నీటికి కంచె అడ్డం వస్తుందా, ఫలకాలు కడగడానికి బోరు ఎక్కడ వేస్తారు అన్నవి పట్టాదారులకి మాత్రమే సంబంధించిన విషయాలట. ఆ పట్టాదారుల్లో నాలాగా పట్నంలో ఉన్నవారు చాలామంది ఉన్నారు.

ఇలాంటి కథ రాయలసీమలో ఇదివరకే నడిచింది. అనంతపురం ప్రాంతంలో కల్పవల్లి అనే అడవి ఉంది. ఒకప్పుడు బోడి గుట్టలు. తొంభైల మొదట్లో టింబక్టు కలెక్టివ్ తోడుగా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కాపలా కాసి, మంటలు ఆర్పి, ఆ ఏడువేల పైచిలుకు ఎకరాల్ని మళ్ళీ పచ్చగా చేశారు. రికార్డుల్లో మాత్రం అది బంజరు. 2010 తర్వాత గాలిమరల కంపెనీలు వచ్చాయి. బంజరు కనుక కేటాయింపు సులువైంది. గుట్టల నెత్తిన రోడ్లు తవ్వారు, మట్టి జారి వాగుల్లో పడింది, మేతకు దారులు తెగాయి. విషయం 2013లో హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. గాలిమరని తిట్టాలో, గాలిమరని అక్కడ పెట్టిన తీరుని తిట్టాలో తెలియక చాలామంది పర్యావరణ ప్రేమికులు అప్పట్లో మౌనంగా ఊరుకున్నారు. నేనూ ఊరుకున్నాను.

మరైతే ఏం చెయ్యమంటావని మీరడుగుతారు. ఎండ వద్దా? బొగ్గే కాల్చుకుందామా? లేదు. హుద్‌హుద్ చూసినవాణ్ణి, అంతకన్నా పెద్దవి రావడం నాకిష్టం లేదు. రాష్ట్రం 2024 అక్టోబరులో తెచ్చిన సమీకృత స్వచ్ఛ ఇంధన విధానం 160 గిగావాట్లు లక్ష్యమంటోంది. 2025 జనవరి 8న ప్రధాని విశాఖకి వచ్చి పూడిమడక దగ్గర హరిత హైడ్రోజన్ కేంద్రానికి శంకుస్థాపన చేశారు, లక్షా 85 వేల కోట్ల పెట్టుబడి అన్నారు. ఇంత పనికి భూమి కావాలి, కొండ కావాలి, నీరు కావాలి. కావలసినవాటిలో మనుషుల మాట ఎన్నోదన్నదే నా సందేహం.

కరెంటులో మనకి వాటా ఉండటం ఎరగని ఊహేమీ కాదు. మన పక్కనే అనకాపల్లిలో, చీపురుపల్లిలో, అటు కుప్పంలో, తెలంగాణలో సిరిసిల్లలో గ్రామీణ విద్యుత్ సహకార సంఘాలు దశాబ్దాలుగా ఉన్నాయి. వినియోగదారుడే సభ్యుడు, సభ్యుడికి వాటా, వాటాకి ఓటు. వాటి ఎన్నికల్లో రాజకీయాలూ, లెక్కల్లో తప్పులూ లేవని అనను. 2021లో నియంత్రణ మండలి మన రాష్ట్రంలోని మూడింటినీ పంపిణీ సంస్థలకి అప్పగించమని ఉత్తర్వులిచ్చినప్పుడు, వాటి గురించి పట్నంలో నాకు తెలిసినవాళ్ళెవరూ మాట్లాడుకోలేదు. కరెంటాఫీసు "మనది" కావడం అంటే ఏమిటో మనం మరిచిపోయాం. గుజరాత్‌లో ఆనంద్ దగ్గర ధుండీ అనే ఊళ్ళో 2016లో ఆరుగురు రైతులు తమ సౌర పంపులన్నింటినీ కలిపి సహకార సంఘం పెట్టుకున్నారు. మొత్తం 56 కిలోవాట్లే. తమ పొలం తడిశాక మిగిలిన కరెంటుని పంపిణీ సంస్థకి అమ్ముకుంటారు. నీళ్ళని అడ్డగోలుగా తోడడం కన్నా కరెంటు అమ్మితేనే లాభం కనుక భూగర్భజలమూ మిగులుతుంది. పాలు పోసినట్టే కరెంటు పోస్తారన్నమాట, ఆనంద్ వాళ్ళకి ఆ విద్య ఎవరూ నేర్పనక్కర్లేదు. డెన్మార్క్‌లో కోపెన్‌హేగెన్ ఎదుట సముద్రంలో 2000లో 20 గాలిమరలు పెడితే, వాటిలో సగం ఎనిమిది వేలకి పైబడిన మామూలు మనుషుల సహకార సంఘానివి. ఆ దేశమే 2008లో చేసిన చట్టంలో, కొత్త గాలిమర పెట్టేవాడు కనీసం 20 శాతం వాటా చుట్టుపక్కలవారికి అమ్మజూపాలని కొంతకాలం పాటు నియమం పెట్టింది. ఇరవై శాతం! నిమ్మలపాడు గిరిజనుల వ్యాజ్యంలో మన సుప్రీంకోర్టు పదకొండేళ్ళ ముందే పలికిన అంకె. కాకతాళీయమే కావచ్చు, నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇళ్ళ మీద పెట్టుకోవచ్చు కదా అంటారు. నిజమే, 2024 ఫిబ్రవరిలో మొదలైన సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకి 78 వేల రాయితీ ఇస్తున్నారు, మా అపార్టుమెంటు డాబా మీద లెక్కలు వేసుకుంటున్నాం. ఆ ఉత్సాహంలో బావకీ చెప్పాను. ఆయన ఇంటి కప్పు వైపు చూశాడు, నేనూ చూశాను. సిమెంటు రేకులు. రెండు చోట్ల పగిలితే మీద ప్లాస్టిక్ పట్టా కప్పి రాళ్ళు పెట్టాడు. "దీని మీద కాకి వాలితేనే బయ్యం బావా" అన్నాడు.

తర్వాత ఒక ఆదివారం ఆ మర్యాదస్థుడికి ఫోను చేసి మూడు విషయాలు అడిగాను. కౌలులో కొంత భాగం సాగుదారు పేర రాయగలరా? ఫలకాలు కాస్త ఎత్తున బిగించి, కింద గొర్రెలు మేయనిస్తారా? ఊళ్ళో మంచినీటి మోటారుకి కరెంటు ఇచ్చే షరతు పెట్టగలరా? గొర్రెల సంగతి అడగ్గానే అవతల నవ్వు వినబడింది, వెటకారం కాదు, నిజంగానే ఎవరూ అడగని మాట విన్నవాడి నవ్వు. "పైవాళ్ళని అడుగుతాను సార్" అన్నాడు. కొంతకాలానికి తిరిగి చేసి, ఒప్పందం నమూనా అందరికీ ఒకటేననీ, మార్చే వీలు లేదనీ, మిగిలినవాళ్ళలో చాలామంది సంతకాలు పెట్టేశారనీ, నా నాలుగెకరాలూ మధ్యలో ఉన్నాయి కనుక తొందరగా ఏదో ఒకటి తేల్చమనీ చెప్పాడు.

ఆ మిగిలినవాళ్ళని నేను తప్పుపట్టలేను. వారిలో ఒకాయనకి కూతురి పెళ్ళి అప్పుంది. ఇంకొకావిడకి పొలం చేసే దిక్కు లేదు, కొడుకులు హైదరాబాదులో ఉన్నారు. ఎండిపోయే నువ్వుచేను కన్నా నెలనెలా బ్యాంకులో పడే డబ్బు మేలని వాళ్ళకి తోస్తే, పట్నంలో జీతం తీసుకుంటూ నేను వాళ్ళకి నీతులు చెప్పడం అన్యాయం. అయితే వాళ్ళు నలుగురూ ఒకచోట కూర్చుని, కంపెనీవాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడి ఉంటే ఆ నమూనాలో ఒక్క వాక్యమైనా మారేదని నా నమ్మకం. అతను ఒక్కొక్కరి ఇంటికీ విడివిడిగా వచ్చాడు. నా ఇంటికి వచ్చినట్టే చెప్పులు విడిచి, మంచినీళ్ళు అడిగి తాగి ఉంటాడు.

సాగుదారు కార్డు కాగితం మీద కిందటి నెల సంతకం పెట్టాను. సచివాలయంలో గుమాస్తా పదకొండు నెలలకే కదా సార్ అన్నాడు. అవునన్నాను. బావ ఆ కాగితాన్ని మడవకుండా తువ్వాలులో చుట్టుకున్నాడు. థాంక్స్ లాంటిదేమీ చెప్పలేదు, చెప్పి ఉంటే నాకు బాగుండేది కాదు. రెండో కాగితం ఇంకా నా బల్ల సొరుగులోనే ఉంది.

మొన్న వైశాఖంలో ఒక సాయంత్రం ఊరి వైపు ఉరుములతో వాన పడిందట. ఎనిమిదింటికి ఫోను మోగింది. వెనక నుంచి అక్క ఎవరినో కేకలేస్తోంది, కరెంటు పోయినట్టుంది, దీపం తెమ్మంటోంది.

"బావా, పదునైంది. నువ్వులు జల్లీమంటావేటి?"

"జల్లు" అన్నాను.

"ఈ యేడుకేనా?"

లైను మధ్యలో తెగిపోయింది. టవరుకీ కరెంటు లేదేమో. కాసేపాగి మళ్ళీ చేశాను, కలవలేదు.